మే నెలలో చూసిన ప్లాటు

తొంభైల మొదట్లో మా ఇంటికి పాలవాడికన్నా ముందు వచ్చే మనిషి ఒకరుండేవారు. మా డ్రిల్లు సారు. సూర్యాపేట హైస్కూల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు కుడివైపు, ఎడమవైపు తిరగడం నేర్పిన గురువు. రిటైరయ్యాక ప్లాట్ల కంపెనీకి ఏజెంటుగా చేరారు. ఆ కంపెనీ ఎవరిదో గాని తెలివైనది. జిల్లాలో రిటైరైన పంతుళ్ళు ఎక్కడెక్కడున్నారో వెతికి మరీ పనిలో పెట్టుకుంది. ఒక్కో పంతులుకు ముప్పై ఏళ్ళ శిష్యులుంటారు. సారు గుమ్మంలో కనబడగానే లేచి నిలబడే జనం వాళ్ళు. నిలబడి ఉన్నవాడికి కాదనడం కష్టం. కాదనాలంటే కాస్త కూర్చుని ఉండాలి.

నేనప్పుడు కోదాడ జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్ని. మా ఆవిడ చివ్వెంల దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. సూర్యాపేటలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఓనరమ్మ మంచిదే, కాకపోతే గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. మా పెళ్ళి ఫోటో ఏడేళ్ళుగా బీరువా మీద గోడకు ఆనించి ఉండేది. ఫ్యాను గట్టిగా తిరిగితే అందులో మేమిద్దరం ముందుకు వంగి ఓనరమ్మకు నమస్కారం పెడుతున్నట్టుండేది. మా ఆవిడకు కావలసింది సొంత గోడ ఒకటి. దానికోసమే నెలనెలా చిట్టీ కడుతూ వచ్చింది. ఆ సంగతి సారుకు ఎట్లా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టదు.

“ఇంకెన్నాళ్ళుంటవురా కిరాయింట్ల? మిర్యాలగూడల ప్లాట్లు పడ్డయి. రైలున్న ఊరు. మన పేటకు రైలుందా?”

“లేదు సార్.”

“మరింకేంది?”

సారు తర్కం ఎప్పుడూ ఇంత పొట్టిగానే ఉండేది. “ఆలోచించుకుంటాం సార్” అంటే, “ఆలోచించు. నేను గీడనే కూసుంట” అని పేపరు తీసేవారు. ఆయన కూర్చుని ఉండగా నేను నిలబడి ఆలోచించాలి. అట్లా నాలుగు పొద్దులు గడిచాయి. ఐదో పొద్దున నాకు ఆలోచనలు అయిపోయాయి.

మే నెలలో ఒక ఆదివారం జీపు వచ్చింది. ఎనిమిది మందిమి ఎక్కాం. అందరూ సారు దగ్గర చదివినవాళ్ళూ, వాళ్ళ భార్యలూ. మిర్యాలగూడ దాటాక ఒక చోట సారు దిగి, జేబులోంచి విజిల్ తీసి ఊదారు. నలభైకి దగ్గరపడ్డ మనుషులం ఒక వరుసలో నిలబడ్డాం. అలవాటు.

ఎదురుగా నేల బల్లపరుపుగా, గట్టిగా ఉంది. సున్నం కొట్టిన రాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. రంగురంగుల కరపత్రాలు పంచారు. అందులో తారు రోడ్లు, కరెంటు, నల్లా, పిల్లలకు పార్కు అచ్చేసి ఉన్నాయి. పక్కనే సాగర్ కాలువ ఉంది. అందులో మేకలు తిరుగుతున్నాయి. మాది మెట్ట ప్రాంతం. వాన పడితే పంట, లేకపోతే లేదు. కాలువ నీళ్ళు ఏ నెలలో వస్తాయి, వస్తే ఎక్కడిదాకా ఊరతాయి అన్న జ్ఞానం మాలో ఎవరికీ లేదు. కాలువ పక్కన ఇల్లంటే పొద్దున్నే చల్లగాలి వస్తుందని మాత్రం అందరం అనుకున్నాం.

కంపెనీవాళ్ళు గంపలో కొబ్బరికాయలు కూడా తెచ్చారు. నచ్చిన ప్లాటు ఈశాన్యం మూల కొబ్బరికాయ కొడితే కొన్నట్టే లెక్క. కొట్టాక వద్దంటే దేవుడి దగ్గర మాట తప్పినట్టు. ఆ కంపెనీ తెలివైనదని ముందే చెప్పాను కదా. సారు ఒక కాయ తీసి మా ఆవిడ చేతిలో పెట్టారు. “కొట్టు బిడ్డా, మంచి గడియ.” ఆమె కొట్టింది. చక్కగా రెండు చెక్కలైంది. ఆ రోజు నిజం చెప్పనిది ఆ కొబ్బరికాయ ఒక్కటే కాదు.

అడ్వాన్సు సారు చేతికి ఇచ్చాం. అప్పుడు మా ఆవిడ, “సార్, రసీదు?” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమెను జీపు వెనక్కి పిలిచి, “సారును రసీదు అడుగుతావా?” అన్నాను.

“సారంటే మీకు సారు. కంపెనీ గూడ సారేనా?”

సారు విన్నారు. నవ్వి, “నా మీద నమ్మకం లేదా బిడ్డా?” అన్నారు.

“మీ మీదుంది సార్. మీ యాదిమీదనే లేదు. నిన్న మా ఇంట్ల కండ్లద్దాలు మర్చిపోయిన్రు.”

సారు కరపత్రం వెనక ప్లాటు నంబరు, ఇచ్చిన మొత్తం, తేదీ రాసి సంతకం పెట్టారు. రిజిస్ట్రేషన్ దసరా నాటికి అన్నారు.

ఆగస్టులో మా ఆవిడ గ్రాఫు కాగితం మీద ఇంటి ప్లాను గీసింది. వంటగది కిటికీ ఏ వైపు పెడితే పొద్దుటెండ వస్తుందో చూడాలని ఒక ఆదివారం టేపు పట్టుకుని బస్సెక్కాం. కాలువ నిండుగా పారుతోంది. మా ప్లాటు ఉండవలసిన చోట మోకాలిలోతు బురదలో ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు.

“అమ్మా, గిక్కడ ప్లాట్లుండాలె గదా?” అని అడిగాను.

“ఉండె సారూ, ఎండకాలంల. ఇప్పుడు మడి.”

“మరి రాళ్ళు?”

“అగో, గట్టు మీదేసినం. బువ్వ తినేటప్పుడు కూసోనీకి మంచిగున్నయి.” ఆమె నడుం ఎత్తి మా చేతిలోని టేపును చూసింది. “మీరు గూడ కొన్నరా? అయ్యో. మొన్న మీలెక్కనే కొన్న ఇంకొకాయనొచ్చి గిట్లనే నిలబడి పోయిండు. మాకు పట్టాదారు కౌలుకిచ్చిండు, ఏటా మేమే నాటేస్తం. ఎండకాలం రాండ్రి, అప్పుడైతే ప్లాటు లెక్కనే ఉంటది.”

మా ఆవిడ ప్లాను మడిచి బ్యాగులో పెట్టుకుంది. సూర్యాపేట బస్టాండులో దిగాక, “మీరు పిల్లలకు చెప్తరు గదా, వినియోగదారుల చట్టమని. అండ్ల ఏముంటది?” అని అడిగింది.

ఆ పాఠం పుస్తకంలో ఆఖరున ఉండేది. ఏ సంవత్సరమూ పరీక్షల లోపల అక్కడిదాకా చేరలేదు. పిల్లలు చేరలేదంటే నేనూ చేరలేదనే అర్థం. మర్నాడు కాలేజీ లైబ్రరీలో కూర్చుని మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఉత్త నేల అమ్మితే అది ఒక కథ. రోడ్లు వేస్తాం, కరెంటు ఇస్తాం, ఇళ్ళ స్థలంగా తయారుచేసి ఇస్తాం అని డబ్బు తీసుకుంటే అది సేవ కిందికి వస్తుంది. చెప్పినట్టు చెయ్యకపోతే సేవాలోపం. కరపత్రంలో అచ్చేసింది ఊరికే అలంకారం కాదు, ఇచ్చిన మాట. నల్లగొండలో జిల్లా ఫోరం ఉంది. వకీలు లేకుండా తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు. ఇన్నేళ్ళు ఇంత పనికొచ్చే పాఠాన్ని ఎందుకు ఎగ్గొట్టానా అని కొంచెం సిగ్గుపడ్డాను.

ముందు కంపెనీవాళ్ళను అడిగి చూద్దామని కోదాడలో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. మేనేజరు కృష్ణా జిల్లా వైపు మనిషి. కూల్ డ్రింకు తెప్పించాడు.

“అలా కంగారుపడితే ఎలాగండీ మాస్టారూ. అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని మా ఆఫీసు ఫారాల మీద ఉందిగా.”

“అక్కడ మోకాలిలోతు నీళ్ళున్నాయండీ.”

“నీళ్ళుంటే మంచిదేగా. జనం బోర్లేయించుకుని చస్తున్నారు.” కూల్ డ్రింకు నా వైపు జరిపాడు. “అయినా రోడ్లు, కరెంటు అని మీకు చెప్పిందెవరండీ? ఆ కరపత్రం మీద మా సంతకం గాని ముద్ర గాని లేదుగా. చెప్పింది ఆ డ్రిల్లు మాస్టారా? ఆయన మా స్టాఫు కాదు. ఏదో కమీషన్ మీద తిరుగుతుంటారు. ఆయన చెప్పినదానికి మాకేంటండీ సంబంధం?”

ఇంటికొచ్చి, మడిలో నాట్ల దగ్గర్నుంచి రాళ్ళ మీద కూర్చుని బువ్వ తినడం దాకా అన్నీ పెట్టి నోటీసు రాశాను. మొదటి ప్రతివాది కంపెనీ. రెండో ప్రతివాది దగ్గర కలం ఆగిపోయింది. మా ఆవిడ పక్కన కూర్చుని చూస్తోంది.

“రాయరాదు?”

“ఆయన నాకు చదువు చెప్పిండు.”

“ఏం చదువు? కుడిదిక్కు తిరుగుడు. ఇప్పుడు ఆయన పేరు రాయకుంటే కంపెనీ చేతులు దులుపుకుంటది. మన ఇల్లు మడిలనే ఉంటది.” మళ్ళీ తనే, “మొగం చూసి చెప్పుకొని రాండ్రి. దొంగతనంగ పంపొద్దు” అంది.

సారు వరండాలో సైకిలు చైనుకు నూనె వేస్తున్నారు. నోటీసు చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

“రెండో ప్రతివాది అంటే?”

“మీరే సార్.”

“నేనెప్పుడన్న రెండో వరుసల నిలబడ్డనారా?”

నవ్వాలో వద్దో తెలియలేదు. లోపలినుంచి సారు భార్య, “ఎవరొచ్చిన్రు?” అన్నారు.

“మన పిల్లగాడే. నోటీసు తెచ్చిండు. చాయ్ పెట్టు.”

చాయ్ వచ్చేదాకా సారు కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. “రాళ్ళ మీద కూసోని బువ్వ తింటున్నరా?”

“అవును సార్.”

“నేను గూడ ఎండకాలంలనే చూసినరా. వానలు పడ్డంక పోలే.”

“ఎంతమందికి చూపెట్టిన్రు సార్?”

సారు వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చాక ఆపేశారు. “అందరు నా దగ్గర చదివినోళ్ళే. బయటోడు ఒక్కడు కొనలే.”

ఒక తెల్లకాగితం అడిగారు. ప్లాటు తానే చూపించానని, రోడ్లూ కరెంటూ అని కంపెనీ చెప్పమన్నదే చెప్పానని, డబ్బు తీసుకుపోయి కోదాడ ఆఫీసులో కట్టానని రాశారు. ఆఖరున, ‘వానకాలంలో పోయి చూడకపోవడం నా తప్పు’ అని చేర్చారు. ఆ వాక్యం చట్టానికి అవసరం లేదని చెప్పాను.

“చట్టానికి అక్కరలేకుంటే లేకపాయె. ఉండనియ్.”

ఆ కాగితం చేతికొచ్చాక రెండో ప్రతివాదితో పనిలేదు. సారు పేరు కొట్టేశాను. సారు చూసి, “కొట్టివేతలున్న కాయితం పంపకు. మంచిగ మల్ల రాసి రిజిస్టర్ పోస్టు చెయ్యి. అక్నాలెడ్జిమెంటు కార్డు మరువకు” అన్నారు.

కంపెనీ జవాబివ్వలేదు. నల్లగొండ ఫోరంలో ఫిర్యాదు వేశాను. రెండు వాయిదాలకు సారు నాతో బస్సులో వచ్చి, బెంచీ మీద నిటారుగా కూర్చున్నారు. మూడో వాయిదా రాకముందే కోదాడ నుంచి అడ్వాన్సు మొత్తానికి డీడీ వచ్చింది. సారు రాసిన కాగితం వాళ్ళకు కూల్ డ్రింకులా దిగలేదనుకుంటాను.

ఆ మర్నాటి నుంచి సారు మళ్ళీ పాలవాడికన్నా ముందు లేచారు. తాను ప్లాటు అంటగట్టిన ప్రతి శిష్యుడి ఇంటికీ వెళ్ళి, ఫిర్యాదు రాసేదాకా కూర్చునేవారు. తహసీలు ఆఫీసులో పనిచేసే ఒకడు, “పోనీండ్రి సార్, మనకెందుకు కోర్టులు” అని గొణిగాడట. “ఆలోచించు. నేను గీడనే కూసుంట” అన్నారట. ఏజెంటుగా కన్నా ఫిర్యాదుల్లో సారు ఎక్కువ నెగ్గుకొచ్చారు. ఇందులో కమీషన్ లేదు కాబట్టి ఎవరూ అనుమానించలేదు.

మేం ఆ తర్వాతి శ్రావణంలో సూర్యాపేటలోనే, పాత ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక జాగా చూశాం. మా ఆవిడ కావాలనే ముసురు పట్టిన రోజు ఎంచుకుంది. సారును కూడా పిలిచింది. ఎట్లుందో చెప్పమంటే సారు తల అడ్డంగా ఊపారు.

“నేను చెప్ప బిడ్డా. నువ్వే చూసుకో.”

ఆమె చెప్పులు విప్పి దిగింది. నాలుగు మూలలూ తిరిగింది, నీళ్ళు ఎటు పోతున్నాయో వంగి చూసింది, పక్కింటావిడను పిలిచి నిరుడు వానలకు ఎంతవరకు నిలిచాయో అడిగింది. అమ్మేవాడు మధ్యలో ఏదో చెప్పబోతే, “మీరాగండ్రి” అంది. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాను. సారు నా పక్కన నిలబడ్డారు. ఆ గంటసేపట్లో చెప్పాలనుకున్నది ఏదో రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగడం చూశాను. చివరికి ఆమె బురద కాళ్ళతో పైకి వచ్చి, “బాగనే ఉంది” అన్నాకనే ఆయన గట్టిగా ఊపిరి వదిలారు.