లలితకుమారి వీరులు సత్రం దాటిన రోజు

లలితకుమారి తుర్కపల్లి మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పద్నాలుగేళ్ళ నుంచి పనిచేస్తోంది. ఆ విభాగంలో మనిషి తన సొంత వాక్యం ఒక్కటి కూడా రాయకూడదు. రాయాల్సిన మాటలన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి, ఈవిడ ఖాళీల్లో అంకెలు నింపాలి. తప్పు పడితే దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. రెండు గీతలు కొడితే అది ఇంకో తప్పు కింద లెక్క. పోనీ ఇంట్లోనైనా నోరు విప్పుదామంటే, ఈవిడ "అది కాదండీ" అనేసరికి భర్త టీవీ సౌండు పెంచేవాడు. తణుకులో పుట్టి, వీధి మొత్తాన్ని అరుగు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పిన అమ్మమ్మ చేతుల్లో పెరిగిన మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

రెండువేల అయిదులో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అట్ట చిరిగిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఆవిడ చేతికి తగిలింది. పిల్లల బొమ్మల పుస్తకం అనుకుని కొంది. ఇంటికొచ్చి చదివితే అదొక ఆట. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "ఎదురుగా గుహ ఉంది, ఏం చేస్తావు?" అని కథ చెప్పేవాళ్ళు అడుగుతారు, ఏం చెయ్యాలో పాత్ర తీసుకున్నవాళ్ళు తేల్చుకుంటారు. చేసిన పని నెగ్గిందో లేదో పాచికలు చెబుతాయి. బోర్డు లేదు, పేకలు లేవు, ఉన్నదంతా మాటలే. లలితకుమారి ఆ రాత్రి అన్నం తినడం మర్చిపోయింది. మాట్లాడటమే పనిగా ఉన్న ఆట ఒకటి లోకంలో ఉందని, అందులో మిగతావాళ్ళు వినడం ఆట నియమమని నలభై మూడేళ్ళ వయసులో తెలిసిన మనిషికి ఆకలి ఎలా వేస్తుంది?

వినేవాళ్ళు ఎక్కడున్నారంటే, కంపెనీ సుమోలో ఉన్నారు. పారిపోలేరు కాబట్టి వాళ్ళే సరైనవాళ్ళు.

పొద్దున్న ఆరున్నరకి బండి దూలపల్లిలో కృష్ణారావుగారిని ఎక్కించుకునేది. గుడివాడ మనిషి, అకౌంట్సు ఆఫీసరు, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో చెప్పకుండా ఒక్క రోజు సెలవు పెట్టని మహానుభావుడు. తర్వాత కొంపల్లిలో లలితకుమారి, మేడ్చల్లో అమూల్య. అమూల్యకి పాతికేళ్ళు, ల్యాబులో జూనియరు, పెళ్ళిచూపుల మధ్య తీరిక దొరికినప్పుడు ఉద్యోగం చేస్తుండేది. బండి జనార్ధన్‌ది. శామీర్‌పేట దగ్గర ఆరెకరాలు ఇళ్ళస్థలాల వెంచర్ వాళ్ళకిచ్చి, సుమో కొని కంపెనీకి పెట్టాడు. డ్రైవర్ని పెట్టుకోవచ్చు గానీ, తన స్టీరింగు మీద ఇంకొకడి చెయ్యి పడితే ఆయనకి నిద్ర పట్టదు.

మేడ్చల్ రైల్వే గేటు దగ్గర రోజూ ఆగేదే. ఒక వానరోజు అక్కడ అరగంట ఆగిపోయినప్పుడు లలితకుమారి ఆట సంగతి ఎత్తింది. సీట్ల కిందికి దొర్లిపోకుండా లూడో పాచికలు రెండు ల్యాబులో వాడే మూత ఉన్న గాజు గిన్నెలో పెట్టి తెచ్చింది. అటూ ఇటూ ఊపితే చాలు, మూతలోంచి అంకెలు కనిపిస్తాయి. ఎవరికి ఏ పాత్ర కావాలో చెప్పమంది.

అక్కడే బోల్తా పడింది. కృష్ణారావుగారు రాజుగారి ఖజానాలో సీనియర్ లెక్కల అధికారి అయ్యారు. నడుముకి కత్తి ఉంటుంది గానీ, ఒరలోంచి తియ్యాలంటే పై అధికారి అనుమతి కావాలట. అమూల్య ఒంటరి యోధురాలు. తల్లీ తండ్రీ లేరు, మేనత్తలు అసలే లేరు, ఎవరేమడిగినా జవాబు చెప్పదు. నిజం ఇంట్లో మేనత్తలు ఆరుగురు. వెనక్కి తిరగకుండా అన్నీ వింటున్న జనార్ధన్ తనకీ ఒక పాత్ర కావాలన్నాడు. నలభై ఎకరాల పట్టేదారు, ఇంటి ముందు ఏనుగు.

ముగ్గురినీ ఒక సత్రంలో కూర్చోబెట్టి, లలితకుమారి గొంతు సవరించుకుని, నల్లకొండ మీద రాక్షసుడు ఉన్నాడని, జనం అల్లాడిపోతున్నారని, బయల్దేరమని చెప్పింది. ముగ్గురూ కదల్లేదు.

రాక్షసుడి మీదికి పంపుతున్నట్టు రాతపూర్వకంగా ఉత్తర్వు ఉందా అని కృష్ణారావుగారు అడిగారు. తను ఒంటరిదని, ఇద్దరితో కలిసి వెళితే ఒంటరి ఎలా అవుతుందని అమూల్య అడిగింది. జనార్ధన్ అయితే బండి గేరు మార్చి తేల్చేశాడు.

"అక్కా, నేను గీడికెళ్ళి కదిల్తే తెల్లారెవరకు నా పొలంల ఎవడో హద్దు కడీలు పాతుతడు. రాక్షసుని సంగతి గా ఊరోళ్ళు జూసుకుంటరు."

సరే, ఉత్తర్వే కదా అని మర్నాడు రాజుగారి ఉత్తర్వు తెచ్చింది. కృష్ణారావుగారు దాని మీద తేదీ లేదని వెనక్కి పంపారు. నిధి ఉందంది. దొరికాక రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద అని జనార్ధన్ అడిగితే, ఆ చర్చ శామీర్‌పేట దాటినా తెగలేదు. ఒక ముని జోస్యం చెప్పాడంది. జోస్యం మాట వినగానే అమూల్య మొహం మాడ్చుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఆ పిల్లకి ఆ వారమే జాతకం కలవక ఒక సంబంధం తప్పిపోయి ఉంది.

చివరికి లలితకుమారి అన్నిటికంటే పెద్ద తప్పు చేసింది. ముగ్గురికీ ఒక్క కారణం కావాలంటే ముగ్గురూ ఒక్క కుటుంబమైతే సరిపోతుంది కదా అనుకుని, వాళ్ళు ముగ్గురూ ఒకే తాత మనవలని ప్రకటించింది. తెలుగువాళ్ళ మధ్య అనకూడని మాట అది. కోనసీమైనా, శామీర్‌పేటైనా, తాత అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది తాత ఆస్తే. ఆ రోజు నుంచి మూడు వారాలు ఆట నల్లకొండ వైపు కాదు గదా, సత్రం గుమ్మం వైపు కూడా చూడలేదు. నూతి వాటా ఎవరిది, తాతని చివరి రోజుల్లో చూసిందెవరు, ఏనుగు ఉమ్మడిదా సొంతానిదా? ఒంటరి యోధురాలు సైతం ఆడపిల్ల వాటా కోసం నోరు తెరిచింది. లలితకుమారి పాచికల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది. ఇంట్లో టీవీ, ఆఫీసులో ఖాళీలు, ఇక్కడ కూడా మాట్లాడేది వాళ్ళే.

ఆవిడకి కావాల్సింది పెద్దదేం కాదు. ఆ ముగ్గురూ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కలిసి ఆ గడప దాటితే, గడప అవతల ఏముందో ఆవిడ చెప్పాలి. అడవి, వాగు, వాగు మీద తెగిపోయిన వంతెన, నల్లకొండ రాక్షసుడికి రాక్షసుడు కావడం ఎందుకు ఇష్టం లేదో, అన్నీ ఆవిడ బుర్రలో సిద్ధంగా ఉన్నాయి. చెప్పకుండానే పోతానేమో అని ఆవిడకి నిజంగా భయం పట్టుకుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఆ భయం మాత్రం అబద్ధం కాదు.

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. వీరులు సత్రంలోనే ఉన్నారు. అక్కడే సంక్షేమ సంఘం పెట్టుకున్నారు, కృష్ణారావుగారు కోశాధికారి.

అప్పుడు కంపెనీ నోటీసు అంటించింది. ఒకటో తారీఖు నుంచి సుమోలు రద్దు, కాలనీకో పెద్ద బస్సు. దూలపల్లిది ఒక బస్సు, కొంపల్లిది ఇంకోటి, మేడ్చల్ది మరోటి. జనార్ధన్ బండితో కంపెనీకి ఇక పని లేదు. బస్సులో ఏసీ ఉంటుందని కింద పెద్ద అక్షరాలతో రాశారు.

ఆ సాయంత్రం సుమోలో నోటీసు మాటే నడిచింది. ఏసీ మోకాళ్ళకి మంచిది కాదని కృష్ణారావుగారు రెండుసార్లు అన్నారు. బస్సు సీటు పక్కన ఎవరొచ్చి కూర్చుంటారో ఏమోనని అమూల్య అంది. తన సుమోకి వెంచర్ల సైట్లు చూపించే గిరాకీ బోలెడుందని జనార్ధన్ ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ముగ్గురూ మూడు కారణాలు చెప్పారు గానీ, లోలోపల ఏడ్చింది ఒక్కందుకే. లలితకుమారికి అది వింటుంటే తన తప్పు తెలిసొచ్చింది. పద్నాలుగు నెలలుగా తను వాళ్ళకి ఏదో ఒకటి ఇస్తానని ఆశపెడుతోంది, నిధి, బిరుదు, రాజుగారి మెప్పు. ఉన్నచోట సుఖంగా ఉన్నవాళ్ళు కొత్తది ఇస్తామంటే ఎందుకు లేస్తారు? ఉన్నది లాక్కుంటే లేస్తారు. అయితే లాక్కోవడానికి ముందు వాళ్ళకి కలిసి ఉన్నదంటూ ఒకటి ఉండాలి. ఆ సత్రంలో దెబ్బలాడుకుంటూ కూర్చున్న ఏడాది వృథా కాలేదన్నమాట.

ఆఖరి రోజు శుక్రవారం. బండి మేడ్చల్ గేటు దగ్గర ఆగలేదు, దరిద్రం, ఆ ఒక్కరోజే గేటు తెరిచి ఉంది. శామీర్‌పేట దాటాక లలితకుమారి మొదలుపెట్టింది.

"మీరు ముగ్గురూ ఏడాదిగా ఈ సత్రంలో ఉంటున్నారు. ఈ పొద్దున రాజుగారి భటులొచ్చి చాటింపు వేశారు. సత్రం కూల్చేస్తారట. ఎవరి ఊరికి వాళ్ళు వేరువేరు బళ్ళలో వెళ్ళిపోవాలట. కూలీలు గునపాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు."

జనార్ధన్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు.

"ఎవరు కూల్చమన్నది?" అని అమూల్య అడిగింది. కథ ముందుకి కదిలేలా ఒంటరి యోధురాలు వేసిన మొదటి ప్రశ్న అది.

లలితకుమారి అప్పటికప్పుడు అల్లేసింది. రాజుగారికి ఆ సలహా ఇచ్చినవాడు నల్లకొండ మీది రాక్షసుడేనని, వాడి మాట వెనక్కి తీసుకునేలా చేస్తే సత్రం నిలుస్తుందని చెప్పింది.

"పొలం యాడికి వోదు," అన్నాడు జనార్ధన్. "ఏనుగును కట్టు విప్పుతున్న అక్కా. ముగ్గురం దానిమీదనే పోతం."

కృష్ణారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మా లలితా, నేను కత్తి తీశాను అని రాసుకో అన్నారు. అనుమతి సంగతి ఎవరూ ఎత్తలేదు. పాచికలు ఊపితే పన్నెండు పడింది. ముగ్గురూ గడప దాటారు.

సరిగ్గా అప్పుడే కంపెనీ గేటు వచ్చింది. సెక్యూరిటీ వాడు అడ్డకర్ర ఎత్తి పట్టుకున్నాడు. జనార్ధన్ బండి నెమ్మది చేసి, ఇండికేటర్ వేసి, అద్దంలోంచి వెనక్కి చూశాడు. పద్నాలుగు నెలలు ఎదురుచూస్తే అడవి మొదటి చెట్టు దగ్గరే అయిపోయింది కథ. లలితకుమారి పాచికల గిన్నెని చేతిసంచిలో పెట్టుకోబోయింది.

"ఆపమాకు జనార్ధన్, పోనియ్యి," అన్నారు కృష్ణారావుగారు.

ఎవరూ ఆయన వైపు చూడలేదు. చూస్తే ఎక్కడ మనసు మార్చుకుంటారో అని. ఇండికేటర్ ఆగిపోయింది. బండి గేటు దాటి సిద్దిపేట దారి పట్టింది. అడ్డకర్ర పట్టుకున్నవాడు దాన్ని ఎప్పుడు దించాలో తెలీక అలాగే నిలబడ్డాడు.

బండిలో ముగ్గురూ, జనార్ధన్ అద్దంలోంచే, నోరు మూసుకుని లలితకుమారి వైపు చూస్తున్నారు, తర్వాత ఏమైందని. అలా చూసే మనుషుల కోసం ఆవిడ ఎన్నేళ్ళు ఎదురుచూసిందో వాళ్ళకి తెలీదు. కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. గౌరారం దాకా అడవి, ప్రజ్ఞాపూర్‌లో చాయ్ తాగుతుంటే వాగు, సిద్దిపేట చేరేసరికి రాక్షసుడు. తిరిగొచ్చేటప్పుడు గొంతు బొంగురుపోయి మాట రాకపోతే, మిగిలిన కథ సైగలతో చెప్పింది. వాళ్ళు అది కూడా విన్నారు.

సోమవారం కృష్ణారావుగారు, లలితకుమారి, అమూల్య మూడు బస్సుల్లో ఆఫీసుకి వెళ్ళారు. టేబుళ్ళ మీద మెమోలు ఉన్నాయి. శుక్రవారం గేటు దాకా వచ్చి విధులకి హాజరు కాకపోవడానికి ఎవరి కారణం వారు విడిగా తెలపాలని కంపెనీ కోరింది. కృష్ణారావుగారి జవాబు ఏమిటో, అమూల్య ఏం రాసిందో లలితకుమారి అడగలేదు. తన కాగితం మీద ఇలా రాసి సంతకం పెట్టింది: "విడిగా లేదు. ముగ్గురిదీ ఒకటే కారణం."

ఆ జవాబు సరిపోదని, సరిదిద్ది మళ్ళీ పంపమని ఆఫీసు వెనక్కి పంపింది. ఆవిడ అందులో ఒక్క గీత కూడా కొట్టలేదు.