పెదనాయన ఇచ్చిన రక్తం

మా పెదనాయన తన జీవితంలో ఎవరికైనా ఏదైనా ఇచ్చాడంటే అది ఆ ఒక్క బాటిల్ రక్తమే. అది కూడా చెప్పుకోవడానికే ఇచ్చాడు.

గర్భసంచిలో గడ్డలతో నెలల తరబడి రక్తం పోతున్నా అమ్మ ఎవరికీ చెప్పలేదు. చివరికి ఉదయగిరి బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే ఆత్మకూరు ఆసుపత్రిలో చేర్పించాం. రక్తం ఎక్కించాలన్నారు. ఊళ్ళో పెద్దరికం చేసే పెదనాయన కారులో నెల్లూరు వెళ్ళి, బ్లడ్ బ్యాంకులో రక్తమిచ్చి, వాళ్ళిచ్చిన బ్యాగు తెచ్చాడు. చేతికి దూది అంటించుకున్న ఆయన ఫోటో ఆయనకన్నా ముందే మా ఫోన్లకు చేరింది.

బ్యాగు తగిలించిన కాసేపటికే అమ్మ వణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. నేను నర్సును పిలుచుకొచ్చాను. ఆమె ట్యూబు మూయబోతే పెదనాయన అడ్డం నిలబడ్డాడు.

“ఆపొద్దు. నా రక్తం పడకపోవడమేంది? దుప్పటి కప్పండి, అదే సర్దుకుంటాది.”

నాయన నేల చూస్తున్నాడు. అన్న ముందు ఆయనకు నోరు లేదని చిన్నప్పటి నుంచీ తెలుసు. భార్య వణుకుతున్నా లేదని ఆ రోజే తెలిసింది.

“పక్కకు జరుగు పెదనాయనా,” అని నేనే ఆయన చెయ్యి పట్టి లాగాను. నర్సు ట్యూబు మూసేసింది.

డాక్టరమ్మ వచ్చి సెలైన్ పెట్టించి, ఇంజెక్షన్ చేయించి, బ్యాగు మీద పేరూ గ్రూపూ సరిచూసింది. ఆ బ్యాగునూ, అమ్మ నుంచి కొత్తగా తీసిన రక్తాన్నీ పరీక్షకు పంపమంది. పెదనాయన ఇంకా తన రక్తం గొప్పే చెబుతున్నాడు.

“మీది బి గ్రూపన్నారు, ఆమెది ఓ. ఇది మీ రక్తం కాదండీ. మీది బ్యాంకులో పెట్టుకొని, ఆమెకు సరిపోయేది ఇచ్చినారు,” అంది డాక్టరమ్మ.

“మరి ఇదెవరిది?”

“మాకు తెలీదు.”

“అంటే, ఎవురిదైనా కావచ్చా?” ఆయన గొంతు తగ్గింది.

ఆయన భయం కులం గురించేనని గదిలో అందరికీ అర్థమైంది. తమ్ముడి భార్య బతుకుతుందా అని మాత్రం ఆయన అడగలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి జ్వరం దిగింది. గ్రూపు తేడా ఏమీ లేదనీ, కొందరికి ఇలా చలిజ్వరం వస్తుందనీ చెప్పారు. మర్నాడు వేరే బ్యాగు నిదానంగా ఎక్కించారు. ఏ ఇబ్బందీ రాలేదు.

ఇప్పటికీ ఉదయగిరి టీకొట్టు దగ్గర పెదనాయన తన రక్తంతోనే మరదలు బతికిందని చెబుతుంటాడు. అమ్మ విని ఊరుకుంటుంది. ఆయన ఇంటికొస్తే లేచి నిలబడటం మాత్రం మానేసింది.