అమెరికా నాకు కాదట

ఈ రోజు మా డిపార్ట్‌మెంట్‌లో, అమెరికాను స్థాపించిన పెద్దల మీద తీసిన డాక్యుమెంటరీ సిరీస్ ఆఖరి భాగం చూపించి, అందరినీ అభిప్రాయాలు చెప్పమన్నారు. నేను లేచాను.

"మనుషులంతా సమానమని రాసినాయన ఇంట్లోనే బానిసలున్నారు. సిరీస్ మొత్తంలో వాళ్ళు దీపాలు పట్టుకుని వెనక నుంచి వెళ్ళిపోతారు తప్ప, ఒక్కరికీ పేరు లేదు" అన్నాను.

"ఆ కాలాన్ని బట్టి చూడాలి" అన్నాడు హబ్సిగూడ నుంచి వచ్చే నా క్లాస్‌మేట్. మా గైడ్ మేడం మాత్రం నా మాటే బాగుందన్నారు.

ఆ ధైర్యంతో తర్వాత ఆమె గదికి వెళ్ళి, నా పీహెచ్‌డీ దీని మీదే చేస్తానన్నాను.

"అమెరికా నీకెందుకమ్మా? మీ ఊళ్ళో వెట్టిచాకిరి మీద చెయ్. తెలిసిన విషయం కదా, నీకు సులువు" అన్నారు ప్రేమగానే. అమెరికా టాపిక్ ఆ క్లాస్‌మేట్‌కి ఇచ్చేశారట.

"సరే మేడం" అన్నాను.

తార్నాక దాకా నడుస్తూ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే.

"మన ఊరి మీదనా? గా ఊరు దాటాల్ననే గద బిడ్డా నిన్ను సదివిచ్చిన!" అన్నాడు.

వెట్టి గురించి రాయడం తక్కువ పనని కాదు. మా తాత చేసిందే ఆ వెట్టి. కానీ నేను దేని గురించి ఆలోచించాలో కూడా వేరేవాళ్ళే చెప్తున్నారు.

సోమవారంలోగా టాపిక్‌కి పేరు పెట్టి ఇవ్వాలి. మీకేమైనా తోస్తే చెప్పండి. నాకైతే ఏమీ తోచడం లేదు.