ఆఫీసును జోకొట్టిన లోసేలి అక్క

మా లోసేలి అక్క ఈ లోకంలో చూసి సహించలేనిది ఒక్కటే: ఎదురుగా మనిషి లేకుండా వెలుగుతున్న కంప్యూటర్ తెర. అది కంటబడితే ఆవిడకు ముద్ద దిగదు, కాలు నిలవదు, నోట్లో మాట నోట్లోనే ఆగిపోతుంది. లేచి వెళ్లి, సెట్టింగులు తెరిచి, అది ఎంతసేపటికి నిద్రపోవాలో నిర్ణయించి వస్తేగాని స్థిమితపడదు. వచ్చాకైనా స్థిమితపడిందా అంటే అదీ లేదు. ఈలోగా ఇంకో తెర కనిపించేది.

మా దీవిలో నెయాఫు రేవు మీద వనిలా రైతుల సంఘంలో ఆవిడ లెక్కలు చూసేది. నాది పక్క బల్ల. భారీ మనిషి. నడుముకు మా దీవి ఆడవాళ్లు కట్టే అల్లిక పట్టీ, చేతిలో విసనకర్ర. ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా దీవిలో లేరు. తను క్షణం నడుం వాల్చదు గాని, ఊళ్లో యంత్రాలన్నిటికీ విశ్రాంతి కావాలంటుంది.

"దానికేం అలసటక్కా?" అని ఒకసారి అడిగాను.

"కాయలు ఎండలోంచి తెచ్చాక ఏం చేస్తాం?"

"దుప్పట్లో చుట్టి పెడతాం."

"వనిలా కాయకే దుప్పటి కప్పుతారు. పొద్దుట్నించీ నీ చేత తిట్లు తింటున్న దీనికి మాత్రం కునుకు వద్దా?"

నేను నోరు తెరిచేసరికి ఆవిడ లేదు. అప్పటికే గిడ్డంగి గదికి వెళ్లిపోయింది.

మా మేనమామ పోయినప్పుడు చావింటికి వచ్చింది. గదినిండా నల్లబట్టలు, ఏడుపులు. మూలన మా బావమరిది కంప్యూటర్ వెలుగుతూ ఉంది. అక్క ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేత్తో మౌసు కదుపుతూ కనిపించింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అంది మా అత్త, ఏడుపు ఆపి.

"ఏం లేదత్తా. ఇదొక్కటీ పడుకుంటే ఇక అందరం తీరిగ్గా ఏడవచ్చు."

మా ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ ఒక్క నిమిషమే గడువు పెట్టింది. నిమిషంపాటు చెయ్యి ఆడలేదా, తెర నల్లగా ఆరిపోయేది. పాస్టర్ ఐసాకే గారు తన ప్రసంగం టైపు చేసుకోవడానికి శుక్రవారాలు మా దగ్గరికే వచ్చేవారు. ఆయన వాక్యానికీ వాక్యానికీ మధ్య కళ్లు మూసుకుని ఆలోచిస్తారు. కళ్లు తెరిచేసరికి చీకటి.

"లోసేలీ, దేవుడి మాట రావడానికి నిమిషం చాలదమ్మా."

"వచ్చేదాకా మౌసు ఆడిస్తూ ఉండండి పాస్టరుగారూ. వచ్చాక రాసుకోండి."

ఒక చేత్తో మౌసు ఆడిస్తూ, రెండో చేత్తో అక్షరాలు వెతుక్కుంటూ ఆయన ఎంత రాయగలరు? ఆ ఆదివారం ప్రసంగం మొదలైందని జనం సర్దుకుని కూర్చునేలోపే అయిపోయింది. మర్నాడు అక్క బల్ల మీద నాలుగిళ్ల నుంచి చేమదుంపలు, ఒకింటి నుంచి ఏకంగా కోడి వచ్చాయి. ఎవరూ ఎందుకిస్తున్నారో చెప్పలేదు.

గిడ్డంగి చూసే సెమీసి తెలివైనవాడు. కంప్యూటర్లో పేకాడుకుంటూ మధ్యలో కునుకు తియ్యడం అతని అలవాటు. తెర ఆరితే పని చెయ్యట్లేదని తెలిసిపోతుంది. అందుకని అటూ ఇటూ తిరిగే ఫ్యానుకీ మౌసుకీ దారం కట్టాడు. ఫ్యాను తిరిగినప్పుడల్లా మౌసు కదిలేది, తెర వెలిగే ఉండేది. రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు. మూడో రోజు ఎవరో ఫ్యాను వేగం పెంచారు. మౌసు ఎగిరి అతని టీ కప్పులో పడింది.

"చూశావా," అంది అక్క, దాన్ని తోక పట్టి పైకి తీస్తూ. "నిద్ర చాలక బావిలో దూకింది."

ఇంతవరకూ అందరికీ నవ్వులాటే. వ్యవహారం ముదిరింది మాత్రం మేనేజరు ఫిలిపే గారి దగ్గర.

ఫిలిపే గారి భార్య పోయి ఏడాది కావస్తోంది. పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. కానీ సాయంత్రం అందరూ సంచులు సర్దుకునే వేళకు ఆయనకు ఎక్కడలేని ఉత్తరాలూ గుర్తొచ్చేవి. "వికా, ఒక్క ఉత్తరం రాసుకో తల్లీ," అనేవారు. వికా కొత్తగా చేరిన పిల్ల. ఎదుటి దీవి నుంచి పడవలో వచ్చి వెళ్లేది. ఇంట్లో పాలు తాగే పసిపాప ఉంది. పెద్దాయనకు ఎదురు చెప్పడం తెలియక తలొంచుకుని టైపు చేసేది. పడవ అందని రోజు ఊళ్లో పిన్ని ఇంట్లో పడుకునేది. ఆవల దీవిలో పాప రాత్రంతా వాళ్ల నాయనమ్మను పడుకోనిచ్చేది కాదు.

ఒక సోమవారం ఆఫీసు మూసే వేళ, సరిగ్గా నాలుగింటికి, కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా గుర్రుపెట్టాయి. ఫిలిపే గారు అప్పుడే వికాకు ఉత్తరం చెబుతూ "అయ్యా, మేము" అన్నారు. "మేము" దగ్గరే తెర ఆరింది.

ఆయన మీట నొక్కారు. అది లేచింది. కళ్లజోడు సవరించుకుని మళ్లీ "అయ్యా" అనేలోగా పడుకుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగాక వికా వైపు తిరిగితే ఆ కుర్చీ ఖాళీ. అక్క ఎప్పుడో ఆ పిల్ల చేతికి సంచి ఇచ్చి మెట్ల దాకా తోసేసింది.

మంగళవారమూ అదే తంతు. బుధవారం ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇది నీ పనేనా లోసేలీ?"

"నాదేనండీ. నాలుగింటికి పడుకోమని వేళ పెట్టాను. లేపితే వెంటనే మళ్లీ పడుకోమన్నాను."

"ఇది ఆఫీసా, నీ ఇంట్లో ఉయ్యాలా? ఆక్లండ్ వ్యాపారికి ఉత్తరం వెళ్లకపోతే సంఘం గతేమిటి? రేపు పెద్దల సమావేశంలో పెడతాను. నువ్వుండాలో నేనుండాలో వాళ్లే తేలుస్తారు."

సెమీసి నిజంగా మేలుకున్నాడు. అక్క మాత్రం విసనకర్రతో ఆయనకు విసరడం మొదలుపెట్టింది.

"ఆ ఉత్తరం పొద్దున్నే పంపేశానండీ. వ్యాపారి జవాబు కూడా ఇచ్చాడు. ఇక సాయంత్రాలు మీరు రాయించేది అంటారా? పోయిన వారం 'ఇక్కడ వాన వచ్చేలా ఉంది' అని రాయించారు. సోమవారం 'అయ్యా, మేము' తరవాత ఏముంది?"

ఫిలిపే గారు కిటికీలోంచి చూశారు. "చెప్పినట్టే వాన వచ్చింది అని," అన్నారు మెల్లగా.

ఎవరూ నవ్వలేదు. ఆయన ఇంటికి తాళం ఆయనే తీసుకోవాలని, లోపల పలకరించేవాళ్లు లేరని ఆ క్షణంలో అందరికీ ఒకేసారి తట్టింది.

"మా గుడి పాటల బృందంలో కింది స్థాయిలో పాడేందుకు మనిషి లేడు," అంది అక్క, ఆయన టోపీ తీసి చేతికిస్తూ. "ఆడగొంతులన్నీ గాల్లో తేలిపోతున్నాయి. పదండి."

"నేను పాడి ఏడాదైందమ్మా."

"అందుకే తుప్పు వదలగొట్టాలి. లేవండి, నాకు నిలబడితే కాళ్లు లాగుతాయి."

కిటికీలోంచి చూస్తే, కింద రేవులో వికా చెప్పులు చేత పట్టుకుని పడవలోకి ఎక్కుతోంది. పైన గుడి దారిలో ఫిలిపే గారు ఒక్కో అడుగూ వేస్తున్నారు. వెనకనుంచి అక్క విసనకర్రతో తోలుతోంది.

మర్నాడు పెద్దల సమావేశంలో ఈ సంగతి ఎత్తినవాళ్లు లేరు. నేనే అక్కను పట్టుకున్నాను.

"ఇదంతా వికా కోసమా, ఆయన కోసమా?"

"కంప్యూటర్ల కోసం," అంది. ఆగకుండా వెళ్లిపోయింది.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఫిలిపే గారు గదిలోంచి బయటికి వచ్చారు. కూనిరాగం తీస్తూ, గడియారం వంక చూస్తూ, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి అక్క బల్ల దగ్గర ఆగారు.

"లోసేలీ, ఇవాళ పాట సాధన కాస్త ముందే మొదలెడతారట. వీటన్నిటినీ మూడింటికే పడుకోబెట్టలేవూ?"

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కుదరదండీ. ఆఫీసన్నాక ఒక వేళ ఉంటుంది. పాపం, వాటికీ నిద్ర రావొద్దా?"