చీర విప్పినట్టు పాఠం విప్పమన్న మేడం

కొత్త చీర మడత విప్పగానే గుప్పున వచ్చే గంజి వాసన ముందు నేనిప్పటికీ ఓడిపోతాను. మొన్న మా ఆవిడ బీరువా ముందు నిలబడి ఒక చీర విప్పింది. రంగు ఎలా ఉందని ఆమె అడుగుతోంది, నాకేమో అరుంధతి మేడం కళ్లముందు నిలిచారు. ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో మాకు అర్థశాస్త్రం చెప్పేవారు. సొంతూరు పులివెందుల, రోజూ బస్సులో వచ్చిపోయేవారు.

ఆ రోజుల్లో ఆవిడ పీహెచ్‌డీ చేస్తున్నారు. డిగ్రీ పిల్లలు చదువు మీద మనసెందుకు పెట్టరు, పెట్టినవాళ్లు ఎలా గట్టెక్కుతారు అన్నది పరిశోధన. ప్రశ్నల కాగితాలు పట్టుకుని జమ్మలమడుగు, పులివెందుల కాలేజీలు కూడా తిరిగేవారు. అంత దూరం తిరగనక్కర్లేకుండా ఆవిడ క్లాసులోనే నేనున్నాను. వెనక బెంచీ, నోట్లో నాలుక లేనివాణ్ని, అదీ క్లాసుకి వచ్చిన రోజున. వీరపునాయునిపల్లెలో నాన్న కాసే మేకలతో నా చదువు సాగేది కాదు, అందుకే ప్రొద్దుటూరులోనే ఒక బట్టల అంగట్లో పనికి చేరాను. పెళ్లిళ్ల కాలం వస్తే కాలేజీ మొహమే చూసేవాణ్ని కాదు. ఇలాగే పోతే హాజరు చాలక పరీక్ష రాయనివ్వమని కాలేజీవాళ్లు హెచ్చరించారు. ఆ మాటతో చదువు మానేద్దామని తీర్మానించుకున్నాను.

ఒక సాయంత్రం మేడం నన్ను వెతుక్కుంటూ అంగడికే వచ్చారు. నేను గమనించలేదు. పెళ్లివారి ముందు చీర మీద చీర పరుస్తున్నాను. "అక్కా, ఈ అంచు చూడు. ఇది కడితే పెండ్లికూతుర్ని ఇడిసిపెట్టి అందరూ నిన్నే చూస్తారు. తర్వాత నన్ను తిట్టొద్దు!" పెళ్లివారు పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో తెలిసిన నవ్వొకటి వినిపించి తలెత్తాను. ఎదురుగా మేడం!

"ఒరే ఓబులేసూ, ఈడ ఇంత వాగుతాండావే! నా క్లాసులో మూగనోము పట్టినావేందిరా?" అన్నారు మేడం.

"ఇది నాకొచ్చిన పని మేడం. ఆడ నాకేమొస్తాది?"

ఆవిడ చేతిలోని ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టేశారు. "నిన్ను అడగాల్సింది ఇందులో లేదులే. రేపు గిరాకీ పాఠం నువ్వే చెప్తాండావు. చీర విప్పినట్టు విప్పు." తర్వాత అంగడి శెట్టి వైపు తిరిగారు. "ఆ చీర నేను కొంటానప్పా. వీన్ని పగలు కాలేజీకి పంపిస్తానంటేనే."

"సాయంత్రం నాకు కావాలమ్మా వాడు," అన్నాడు శెట్టి.

"సాయంత్రం నీకే."

బేరాల్లో ఆరితేరిన శెట్టి ఓడిపోవడం ఆ ఒక్కసారే చూశాను.

మర్నాడు క్లాసు ముందు నిలబడి, తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను. మేడం నిన్న కొన్న చీర తెచ్చి నా చేతిలో పెట్టారు. బట్ట తగలగానే నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆషాఢంలో ధర దించి అమ్ముతాం. మాఘంలో ఇదే చీర ధర పెంచినా జనం ఎందుకు ఎగబడతారు?" అనడిగాను. వెనక బెంచీ నుంచి ఒకడు, "పెండ్లి ఆగదు గదప్పా!" అని అరిచాడు. వాడి గొంతు క్లాసులో వినడం అదే మొదలు. ఆగని అవసరానికి ధర పెరిగినా గిరాకీ తగ్గదని మేడం బోర్డు మీద రాసి, "పాఠం మీరే చెప్పినారు, నేను రాసినానంతే," అన్నారు. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు!

అప్పటినుంచి వారానికొకసారి వెనక బెంచీవాళ్లదే పాఠం. నేను మళ్లీ క్లాసు మానలేదు. పరీక్ష రాశాను. మా వెనక బెంచీ మొత్తం పాసైంది. ఫలితాలొచ్చిన రోజు మేడం ఆ చీరే కట్టుకుని వచ్చారు. తర్వాత ఆవిడ డాక్టరేటు కూడా అందుకున్నారు, కానీ ఆ రోజున్న వెలుగు నాకు మళ్లీ ఆ మొహంలో కనిపించలేదు.

ఇప్పుడు నేను పులివెందులలో, ఆవిడ సొంతూళ్లోనే, అదే అర్థశాస్త్రం చెబుతున్నాను. నిన్న వేముల నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎంతడిగినా తలెత్తలేదు. చివరికి, "నీ నోరు ఆగని చోటు యాడమ్మా?" అన్నాను. "అరటికాయల మండీలో సార్. మా నాయన పక్కన నిలబడి బేరం నేనే చేస్తా," అంది.

"అయితే రేపు ఒక గెల తీసుకుని రా," అన్నాను. "పాఠం నువ్వే చెప్తాండావు."