రెండో పేజీలో చామంతులు

మే నెల వచ్చిందంటే మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు బకెట్ల నిండా చామంతులు పెడతారు, మదర్స్ డేకి తల్లులకు ఇచ్చుకోవడానికి. మన దగ్గర ముగ్గుల రోజుల్లో పూసే పువ్వు ఇక్కడ మేలో విచ్చుకుంటుంది గానీ, ఆ పచ్చి చేదు వాసన మాత్రం అదే. మొన్న ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చింది అమ్మ పూజ కాదు, ఇరవై ఏళ్ళు దాటినా చల్లారని కోపం.

నాకు పదేళ్ళప్పుడు నాన్న వైటూకే పని మీద మమ్మల్ని మెల్‌బోర్న్ తీసుకొచ్చాడు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని. జనవరి ఒకటిన లోకమేమీ మునగలేదు, నాన్న పని మాత్రం తగ్గిపోయింది.

మా అద్దె ఇంటికి కాస్త దూరంలో, సముద్రం వైపు, ఇటాలియన్ల కూరగాయల తోటలుండేవి. గాలి అటునుంచి తిరిగితే వీధంతా కాలీఫ్లవర్ ఆకు వాసన. సాయంత్రాలు నేను సైకిలేసుకుని కంచెదాకా వెళ్ళి, గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే గొట్టాల పక్కన తడిసి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఇల్లు చేరేదాన్ని. అమ్మ తెనాలి దగ్గర రైతుబిడ్డ. ఆ మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇక్కడ గోంగూర రాదంటే నేనొప్పుకోను" అనేది. ఆ ఉగాదికి స్కూలు హాల్లో చేరిన తెలుగువాళ్ళంతా సీసాలో గోంగూర పచ్చడి చూసి నిట్టూర్చడంతో అమ్మకు పట్టుదల వచ్చింది. తోట యజమాని రోసా అనే పెద్దావిడ. అమ్మకు రోజమ్మగారు. కంచెకు అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్ళు. ఆవిడ తోటలో ఒక మూల కౌలుకు దొరికితే చాలు, అమ్మ బతుకు తన చేతిలోకి వచ్చేది.

ఆ మాట అమ్మే వెళ్ళి అడిగి ఉంటే సరిపోయేది. మధ్యలో నాన్న స్నేహితుడు సుధాకర్ అంకుల్ దూరాడు. ఆయన ఆఫీసుకు ఇటాలియన్ క్లయింట్లున్నారట, వాళ్ళతో బేరం ఎలా మాట్లాడాలో ట్రైనింగ్ ఇచ్చారట. ఆ కాగితం ప్రింట్ తీసుకొచ్చి పారాయణం మొదలుపెట్టాడు. సూటు వేసుకోవాలి. చెయ్యి గట్టిగా కలపాలి. కూర్చోగానే పని ఎత్తకూడదు. కాఫీ ఇస్తే కాదనకూడదు. సున్నుండలు చుడుతున్న అమ్మతో, "టాకింగ్ అంతా మేం చూసుకుంటాం వదినా, మీరు ఊరికే కూర్చోండి" అన్నాడు. గోంగూరకూ కాలీఫ్లవరుకూ తేడా తెలియని మనిషి!

ఆదివారం పొద్దున్నే సూటు వేసుకుని బురదలో నడిచాడు నాన్న, వెనకే అంకుల్, అమ్మ, నేను. ఒట్టి చేతులతో ఎలా వెళ్తామని అమ్మ సున్నుండల డబ్బాతో పాటు ఒక కట్ట తెల్ల చామంతులు కూడా పట్టుకుంది. రోసా నల్లబట్టల్లో ఉంది. భర్త పోయి ఏడాది కాలేదు, గోడ మీద ఆయన ఫొటో, కింద చిన్న దీపం. అమ్మ పూలు అందించగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తర్వాత తీసుకుని, బయట మెట్టు మీద పెట్టి వచ్చింది. నాన్నా అంకులూ ఆ కాగితంలో రాసినట్టే చేదు కాఫీని నవ్వుతూ మింగారు. కాసేపటికి రోసా అమ్మనే చూసి, ఏం పండిస్తావని వచ్చీరాని ఇంగ్లిషులో అడిగింది. నాన్న నోరు తెరిచేలోపే అమ్మ, "గోంగూర. సవర్ లీఫ్" అని చేత్తో మొక్క ఎత్తు చూపించింది. ఆ చూపించడంలో ఎంత సంతోషమో.

వారం తర్వాత ఆవిడ కొడుకు కంచె దగ్గర కనిపించి, ఇవ్వలేమన్నాడు.

"వదిన మధ్యలో మాట్లాడబట్టే డీల్ చెడింది" అన్నాడు అంకుల్. నాన్న కాదనలేదు. ఆనాటి నుంచి బ్యాంకులో, స్కూల్లో, డాక్టరు దగ్గర ఎవరేమడిగినా అమ్మ నోరు తెరిచే ముందు నాన్న మొహం చూసేది.

నేను హైస్కూల్లో ఇటాలియన్ క్లాసు తీసుకున్నాక టీచర్ చెప్పింది, వాళ్ళ దేశంలో చామంతులు సమాధుల మీద పెట్టే పూలని. పరుగున ఇంటికొస్తే అంకుల్ అక్కడే ఉన్నాడు. చెబితే కాస్తయినా తొణకలేదు. "ఓ, అది సెకండ్ పేజీలో ఉండేదిలే. పువ్వులు, తిండి, అన్నీ లేడీస్ సంగతులు. బిజినెస్‌కి అక్కర్లేదని ప్రింట్ తియ్యలేదు" అన్నాడు. నాన్న నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడు మీ అమ్మకి చెప్పమాక, బాధపడుద్ది" అన్నాడు. నేను చెప్పలేదు. చల్లారని ఆ కోపంలో కొంత నా మీద కూడా.

ఇప్పుడు ఆ తోట ఉన్నచోట వరసగా ఇళ్ళు. కాలీఫ్లవర్ వాసన లేదు, తడిపే గొట్టాల్లేవు. గోంగూర మాత్రం ఇక్కడి ప్రతి ఇండియన్ షాపులోనూ కట్టలు కట్టి ఉంటుంది, ఇంకెవరో పండించింది.

మొన్న చామంతులు కొని అమ్మ ముందు పెట్టి, అంతా చెప్పేశాను. అమ్మ కాడలు తుంచడం మొదలుపెట్టింది.

"పాపం, మొగుడు పోయిన మనిషి చేతిలో సమాధి పూలు పెట్టానా" అంది. ఇంకో కాడ తుంచి, "అయితే నేను మాట్లాడినందుకు కాదన్నమాట" అంది.

నాన్న పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. అమ్మ ఆ మాటే ఆయనకు వినపడేట్టు మళ్ళీ అంది.