రెండో బ్రేకు

మా ఆయన డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో సగం మందికి కారు నేర్పారు, కట్టుకున్నదానికి తప్ప. పెళ్ళైన కొత్తలో నన్నూ కూర్చోబెట్టారు. క్లచ్ వదిలానో లేదో, "కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా" అని వీధంతా వినపడేలా అరిచారు. కారు దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. ముట్టాలని లేక కాదు.

ఇన్నేళ్ళకు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. ఈత కొడితే మంచిదన్నారు డాక్టరు గారు. ఈత నేర్పే అమ్మాయిది మా కూతురి వయసు. ఈత కొలనులో చిన్నపిల్లల వరసలో గట్టు పట్టుకుని నిలబడ్డారీయన. నేను తువ్వాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఇంత వినోదం ఎవరొదులుకుంటారు?

తాతకు దగ్గులు నేర్పుతావా అన్నట్టు మొహం పెట్టి, ఆ పిల్ల చెప్పిందంతా విన్నారు. గట్టు వదిలారు. ఒళ్ళు తేలీ తేలకముందే కుడికాలు కిందికి ఒక్క తన్ను తన్నింది, మనిషి బుడుంగున మునిగారు. లేచి, దగ్గి, మళ్ళీ తేలారు. మళ్ళీ అదే కాలు.

ఆ కాలు నాకు తెలుసు. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఓ బ్రేకు ఉంటుంది. గుండె జారినప్పుడల్లా ఆయన కాలు దాన్ని తొక్కుతుంది, నోరు అరుస్తుంది. ఇన్నాళ్ళూ నేను కోపమనుకున్నది ఉత్త భయమన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది.

"పర్వాలేదు బాబాయ్, మునిగితే లేస్తారు. మళ్ళీ చేద్దాం," అంది ఆ పిల్ల.

ఆమె మీద ఇంతెత్తున లేస్తారనుకున్నాను. చెవుల్లో నీళ్ళు దులుపుకుని "సరేనమ్మా" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎన్నడూ వినలేదు.

రోజూ వెళ్ళారు. ఈత రాలేదు కానీ, కొలనులో నీళ్ళు తగ్గాయని నా అనుమానం. ఓ పొద్దున తల తుడుచుకుంటూ వచ్చి, ఆ నేర్పే కారు తాళం నా ఒళ్ళో పెట్టారు.

"ఇంటిదాకా నువ్వు నడుపు."

"అరుస్తారు."

"అరవను. మునిగేవాడి బాధ ఏంటో తెలిసొచ్చింది."

క్లచ్ వదిలాను. కారు కప్పలా గెంతి ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, అరుపు కోసం చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు. పక్కకు చూస్తే, ఆయన ఆ నొప్పి మోకాళ్ళను సీటు మీదికి లాక్కుని, రెండు చేతులా వాటేసుకుని ఉన్నారు.

"పర్వాలేదు, మళ్ళీ చేద్దాం," అన్నారు పళ్ళ బిగువున.

ఇల్లు చేరాం. గేటుకు సొట్ట పడింది. ఆయన మాత్రం కాళ్ళు కిందికి దించలేదు.